ఆ ఫొటోలో ఉన్నది లండన్ చర్చి కాదు, ఫౌంటెన్స్ మఠం

సంపాదకులు గారికి నమస్కారం.

నేను లీడ్స్‌లో ఉంటాను. పుట్టి పెరిగింది ప్రొద్దుటూరులో. ఇక్కడికి వచ్చి 19 ఏళ్లయింది. ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేస్తాను. ఆదివారం పొద్దున్నే టీ పెట్టుకుని ఫోన్‌లో మీ పత్రిక చదవడం నాకు అలవాటు. మొన్న ఆదివారం అనుబంధంలో పాఠకులు పంపిన విహారయాత్రల ఫొటోలు వేశారు. వాటిలో ఒకదాని దగ్గర ఆగిపోయాను. ఎర్ర జర్కిన్ వేసుకున్న ఒక అబ్బాయి, వెనకాల కప్పు లేని పెద్ద రాతి కట్టడం, దాని పక్కన ఎత్తయిన టవర్, చుట్టూ పసుపు పట్టిన చెట్లు. ఫొటో బాగుంది. కింద మాత్రం "లండన్ సమీపంలో ఆలనాపాలనా లేని పాత చర్చి వద్ద తెలుగు విద్యార్థి" అని రాశారు.

అది లండన్ సమీపంలో లేదు. లండన్‌కి ఉత్తరాన సుమారు 350 కిలోమీటర్ల దూరంలో, యార్క్‌షైర్‌లో, రిపన్ అనే చిన్న ఊరి దగ్గర ఉంది. పేరు ఫౌంటెన్స్ అబే. అబే అంటే క్రైస్తవ సన్యాసుల మఠం. ఆ టవర్‌ని చూడగానే గుర్తుపట్టాను. ఇలాంటి మఠాల్లో టవర్ మామూలుగా చర్చి నడిమధ్యన లేస్తుంది. ఇక్కడ ఉత్తరం వైపు చివరన నిలబడి ఉంటుంది. 1495 నుంచి 1526 దాకా మఠాధిపతిగా ఉన్న మార్మడ్యూక్ హ్యూబీ కట్టించాడు. ఎత్తు దాదాపు 160 అడుగులు. మఠాన్ని మూసేయడానికి కొద్ది ఏళ్ల ముందు కట్టింది కాబట్టి ఇప్పటికీ అంత నిటారుగా నిలబడి ఉంది.

ఒక ఫొటో కింద నాలుగు మాటలు తప్పు పడితే ఇంత పెద్ద ఉత్తరమా అని మీరనుకోవచ్చు. ఈ పాడుబడ్డ మఠాలూ కోటలూ నేను పదహారేళ్లుగా ప్రతి శరత్తులోనూ తిరిగి ఫొటోలు తీస్తున్న చోట్లు. ఆ ఒక్క వాక్యంలో ఊరు తప్పు, కట్టడం తప్పు, ఆలనాపాలనా లేదన్నది అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ అబ్బాయి ఎంతో సంతోషంగా వెళ్లి తీయించుకున్న ఫొటో అది. రేపు తన పిల్లలకు చూపించేటప్పుడు కింద సరైన పేరు ఉండాలని నా కోరిక.

శరత్తు అన్నాను గానీ, మనకి శరత్తంటే వెన్నెల. ఆకు రాలేది శిశిరంలో. ఇక్కడ ఆకులు రాలేది అక్టోబరు, నవంబరుల్లోనే, మనకి దసరా, కార్తీకం రోజుల్లో. బీచ్ అనే జాతి చెట్లు ముందు పసుపుగా మారి, తర్వాత రాగి చెంబు తోమినప్పటి రంగుకి వస్తాయి. అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు మేము రెండు కుటుంబాలవాళ్లం కలిసి పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని బయలుదేరతాం. సాయంత్రం నాలుగున్నర దాటితే వెలుతురు పోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లాలి.

ఇక్కడి వెలుతురు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను వేసవిలో కాకుండా ఈ చలిలో వెళ్లడానికి కారణం అదే. మా నాన్నకు ప్రొద్దుటూరులో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ సైజులు, బడి పిల్లల గ్రూప్ ఫొటోలు ఆయన జీవనం. స్టూడియోకి సెలవు పెట్టిన రోజు మాత్రం జమ్మలమడుగు మీదుగా గండికోటకు స్కూటర్ మీద వెళ్లేవాడు. నన్నూ వెనక కూర్చోబెట్టుకునేవాడు. చీకటితోనే లేపేవాడు. "ఎనిమిది దాటితే ఎండ నెత్తినెక్కుతుంది, రాయి చప్పబడిపోతుంది" అనేవాడు. నిజమే. సూర్యుడు పైకి వెళ్లేకొద్దీ రాతి మీది గీతలు, ఉలి దెబ్బలు, పగుళ్లు అన్నీ మాయమై గోడ అంతా ఒక్కటే అట్ట ముక్కలా కనిపిస్తుంది. గండికోటలో అక్టోబరు చివర కూడా నడిమధ్యాహ్నం సూర్యుడు 60 డిగ్రీలు దాటే ఉంటాడు. యార్క్‌షైర్‌లో అక్టోబరు చివర, మధ్యాహ్నం 12 గంటలకైనా పాతిక డిగ్రీల ఎత్తుకి కూడా రాడు. నాన్న తెల్లవారి గంటన్నర కోసం పరుగెత్తి పట్టుకున్న ఏటవాలు వెలుతురు ఇక్కడ పగలంతా ఉంటుంది. మబ్బు పట్టకపోతే. మబ్బు పట్టినా నష్టమేమీ లేదు. ఎండలో కనపడని రాతి రంగులు, పాచి పచ్చదనం, తుప్పు మరకల్లాంటి ఎరుపు అప్పుడు బాగా వస్తాయి.

ఫౌంటెన్స్‌కి వెళ్లేవారు దూరం నుంచి చూడటం మరవకూడదు. స్కెల్ అనే చిన్న నది పక్కనే మఠం కట్టారు. ఆ నది వెంట తూర్పు వైపుకి నడిస్తే గుట్ట మీద సర్‌ప్రైజ్ వ్యూ అనే చోటు వస్తుంది. 18వ శతాబ్దంలో జాన్ ఎయిజ్లబీ అనే ఆయన ఈ లోయలో కాలువలు, చెరువులతో తోట కట్టడం మొదలుపెట్టాడు. సౌత్ సీ కంపెనీ షేర్ల కుంభకోణంలో 1721లో పార్లమెంటు నుంచి వెళ్లగొట్టబడిన మంత్రి ఆయన. కొడుకు విలియం 1767లో పక్కనున్న శిథిలాలను కూడా కొని తోటలో కలిపాడు. ఆ గుట్ట మీద నిలబడితే నీళ్ల చివర, చెట్ల మధ్య నుంచి మఠం తూర్పు గోడ ఒక్కసారిగా కనపడుతుంది. పొద్దుటి ఎండ నేరుగా ఆ గోడ మీదే పడుతుంది. పది గంటలకి అక్కడ ఉండాలి. మధ్యాహ్నం వెళితే ఎండ ఎదురొచ్చి గోడ నల్లగా వస్తుంది.

ఇక అది ఉత్త చర్చి ఎందుకు కాదో చెప్తాను. 1132లో యార్క్ నగరంలోని ఒక మఠంలో గొడవ జరిగింది. ఇంకా కఠినంగా, నిరాడంబరంగా బతకాలని పట్టుబట్టిన 13 మంది సన్యాసులు బయటికి వచ్చేశారు. యార్క్ ఆర్చిబిషప్ వాళ్లకి ఈ లోయ ఇచ్చాడు. అప్పుడిదంతా రాళ్లూ ముళ్లూ. ఊటలు ఉన్నాయి కాబట్టి ఫౌంటెన్స్ అని పేరొచ్చింది. తర్వాత వాళ్లు సిస్టర్షియన్ అనే సన్యాసుల శాఖలో చేరారు. గొర్రెలు పెంచారు. ఉన్ని ఇటలీ వర్తకుల దాకా పోయింది. పేదగా బతకాలని వచ్చినవాళ్ల మఠం దేశంలోని సంపన్న మఠాల్లో ఒకటైంది. అక్కడ సుమారు 300 అడుగుల పొడవున్న గిడ్డంగి ఉంది. నడుమ ఒకటే వరస స్తంభాలు. ఒక్కో స్తంభం నుంచి తాటాకు విప్పినట్టు పైకప్పు పక్కటెముకలు రెండు వైపులా పరుచుకుంటాయి. సరుకులు దాచుకున్నదీ, పొలం పనులు చూసే మఠ సోదరులు భోజనం చేసిందీ అక్కడే. దాన్ని ఫొటో తీసేటప్పుడు కెమెరాని మోకాలి ఎత్తులో పెట్టి, నేలకి సమంగా ఉంచాలి. పైకి ఎత్తితే స్తంభాలన్నీ వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. చాలామంది ఫొటోల్లో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. కొంచెం వెనక్కి జరిగి, సమంగా పట్టుకుని, కింద ఎక్కువైన నేలను తర్వాత కత్తిరించుకుంటే సరిపోతుంది.

ఆ మఠం పాడుపడలేదు, పాడుచేశారు. 1536 నుంచి 1540 వరకు ఎనిమిదో హెన్రీ రాజు ఇంగ్లండులోని మఠాలన్నీ మూయించి ఆస్తులు తీసుకున్నాడు. ఫౌంటెన్స్ వంతు 1539లో వచ్చింది. ముందు కప్పు మీది సీసం రేకులు ఊడబెరికి కరిగించారు. గంటలు దించేశారు. కప్పు పోతే వాన మిగతా పని చేస్తుంది కదా. 1600 ప్రాంతంలో దగ్గర్లో ఫౌంటెన్స్ హాల్ అనే భవంతి కట్టినప్పుడు ఈ మఠం రాళ్లనే తీసుకుపోయి వాడారు.

హెల్మ్‌స్లీ దగ్గరున్న రీవో మఠంలో అయితే ఆ సీసం కథ ఇంకొంచెం నడిచింది. దీన్నీ 1132లోనే మొదలుపెట్టారు, 1538లో మూసేశారు. సీసం కరిగించి పోసిన దిమ్మల మీద రాజముద్ర వేసి పక్కన పెట్టారు. వాటి మీద పడమటి గోడ కూలింది. దాదాపు 400 ఏళ్ల తర్వాత, 1920లలో శిథిలాలు తొలగిస్తుంటే ఆ దిమ్మలు అలాగే బయటపడ్డాయి. ఆ సీసాన్ని యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలో ఫైవ్ సిస్టర్స్ అనే 13వ శతాబ్దపు గాజు కిటికీకి కొత్త సీసం పట్టీలు వేయడానికి వాడారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మహిళల స్మారకం ఆ కిటికీ. రీవోకి వెళ్లిన ప్రతిసారీ నేను మా అమ్మాయికి ఆ పడమటి గోడ చోటు చూపించి ఈ సంగతి చెప్తాను. తనకి కంఠస్థమైపోయింది, అయినా వింటుంది.

రీవోలో ఇంకో విశేషం ఉంది. చర్చిలను తూర్పు పడమరలుగా కడతారు, బలిపీఠం తూర్పు చివర ఉంటుంది. ఇక్కడ లోయ ఇరుకు. అందుకని చర్చిని ఉత్తర దక్షిణాలుగా తిప్పి కట్టాల్సి వచ్చింది. అంటే "తూర్పు" గోడ అని పుస్తకాల్లో రాసేది నిజానికి దక్షిణం వైపు ఉంటుంది. చలికాలపు సూర్యుడు పగలంతా దక్షిణానే తిరుగుతాడు కదా. పదిన్నర, పదకొండు ప్రాంతంలో ఉత్తరం వైపు నిలబడితే ఆ గోడలో రెండు వరసల్లో మూడేసి ఉన్న పొడవాటి కిటికీల గుండా ఎండ లోపలికి వచ్చి గడ్డి మీద పడుతుంది. లోయలో మంచు ఇంకా విడవకపోతే ఎండ చారలు గాలిలోనే కనపడతాయి. ఆ దృశ్యం నాకు పదహారేళ్లలో మూడుసార్లే దొరికింది.

రీవోకి వెళ్లే దారిలోనే హెల్మ్‌స్లీ కోట ఉంటుంది. కోటలు పోయిన తీరు వేరు. మఠాల కప్పులు తీసేసి వానకి వదిలేస్తే, కోటల్ని మందుగుండు పెట్టి పేల్చారు. రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో 1644లో పార్లమెంటు సేన హెల్మ్‌స్లీని మూడు నెలలు ముట్టడించి పట్టుకుంది. మళ్లీ ఎవరూ వాడకుండా తూర్పు టవర్‌ని పేల్చేశారు. సగం కందకంలో పడింది, సగం ఇప్పటికీ కత్తితో నిలువునా కోసినట్టు నిలబడి ఉంది. లోపలి అంతస్తులు, మెట్లు, పొయ్యి గూళ్లు అన్నీ గాలిలో వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. రిచ్‌మండ్ కోట టవర్ మాత్రం వంద అడుగుల ఎత్తున చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని కింద స్వేల్ నది ఒడ్డు నుంచి తీస్తేనే బాగుంటుంది.

ఇప్పుడు ఆలనాపాలనా మాటకొస్తాను. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఒక మఠంలో గోడల పైన గడ్డి గుబురుగా పెరిగి ఉంది. టికెట్ డబ్బులు తీసుకుని ఆ గడ్డి కూడా పీకరా అనిపించింది. అక్కడ పని చేసే పెద్దావిడను అడిగితే, అది మొలిచింది కాదు, కొన్ని చోట్ల కావాలనే పచ్చిక దిండ్లు తెచ్చి పరుస్తారని చెప్పింది. వాన నీరు గోడలోకి దిగకుండా, చలికి గడ్డకట్టి రాయి పగలకుండా ఆ మట్టీ గడ్డీ దుప్పటిలా కాస్తాయట. లోతుగా వేళ్లు దిగే మొక్కల్ని మాత్రం ఉండనివ్వరు. రీవోని 1917లో ప్రభుత్వం తీసుకున్నాక, కూలిపోయేలా ఉన్న గోడల లోపల బయటికి కనపడకుండా కాంక్రీటు దూలాలు పెట్టి నిలబెట్టారు. కొత్త గోడ కట్టలేదు, రంగు వెయ్యలేదు, పోయిన కప్పు తిరిగి వెయ్యలేదు. ఎక్కడ ఆగిపోయిందో అక్కడే ఆపి ఉంచడం ఇక్కడి పద్ధతి. ఫౌంటెన్స్ 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటుంది. అలాంటి చోటుని పట్టించుకోనిది అని అచ్చులో వేస్తే, రేపు వెళ్లే మన పిల్లలు గోడ ఎక్కినా ఎవరూ ఏమీ అనరు అనుకుంటారు. ఎక్కుతున్నారు కూడా. నేను చూశాను, వద్దని చెప్పాను. పట్టు లేని తడి రాయి జారితే ప్రాణానికే ముప్పు, పైగా ఊడిన రాయిని తిరిగి పెట్టలేం. డ్రోన్లు కూడా అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

ఫొటోలో మనిషి ఉండకూడదని నా ఉద్దేశం కాదు. ఉండాలి. మా నాన్న గండికోటలో స్టూడియో కుర్రాడికి తెల్ల పంచె కట్టించి గోడ పక్కన నిలబెట్టేవాడు. మనిషి పక్కన లేకపోతే గోడ పదడుగులో, నలభై అడుగులో చూసేవాడికి తెలియదు. మొహం కెమెరా ముందు పెట్టి వెనకాల కట్టడం కనీకనపడకుండా తీసే బదులు, కట్టడం దగ్గరికి వెళ్లి నిలబడండి, ఫొటో తీసేవాళ్లని దూరంగా పంపండి. మీరూ ఉంటారు, అదీ ఉంటుంది.

పేరూ తేదీ గురించి నేను ఇంత పట్టుబట్టడానికి నాన్న వదిలివెళ్లిన డబ్బాలే కారణం. 2004లో స్టూడియో మూసేసినప్పుడు మూడు రేకు డబ్బాల నిండా నెగటివ్‌లు దొరికాయి. చాలావాటికి బూజు పట్టింది. గండికోటవి 41 మిగిలాయి. ప్రతి కవరు మీదా ఇంకుతో తేదీ, టైము, ఎటువైపు నుంచి తీశాడో రాసి ఉంది. "మాధవరాయ గుడి, ఆగ్నేయం నుంచి, పొద్దున 6.50" అని. ఒక దాంట్లో గోడ సందులో జానెడు రావి మొక్క ఉంది. అయిదేళ్ల తర్వాతి నెగటివ్‌లో అదే మొక్క మనిషెత్తు పెరిగి రాళ్లను విడదీస్తోంది. తేదీలు రాయకపోతే అవి ఎప్పటివో, ఏది ముందో ఎవరికి తెలుస్తుంది?

ఇక్కడ మా ఇంటికి దగ్గర్లో కర్క్‌స్టాల్ మఠం ఉంది. లీడ్స్ సిటీ సెంటర్ నుంచి బస్సులో వెళ్లొచ్చు. 1152లో ఏర్ నది ఒడ్డున కట్టడం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఊరి రోడ్డు ఈ చర్చి మధ్య నుంచే పోయేది. 1779లో టవర్‌లో చాలా భాగం కూలిపోయింది. 1797లో టర్నర్ అనే చిత్రకారుడు 22 ఏళ్ల వయసులో వచ్చి బొమ్మలు గీసేటప్పటికి అది అలాగే ఉంది. కూలకముందు ఎలా ఉండేదో మనకి తెలిసేది అంతకు ముందువాళ్లు గీసిన బొమ్మల వల్లనే. రోజర్ ఫెంటన్ అనే ఫొటోగ్రాఫర్ క్రిమియా యుద్ధానికి వెళ్లకముందే, 1854లో రీవోని ఫొటో తీశాడు. అసలు ఇప్పటికి మిగిలి ఉన్న ఫొటో నెగటివ్‌లలో మొట్టమొదటిది కూడా ఒక పాత మఠానిదే. విల్ట్‌షైర్‌లోని లేకాక్ అబేని ఇల్లుగా మార్చుకున్న కుటుంబంలోని టాల్బట్ 1835లో తన ఇంటి కిటికీని తీశాడు. ఈ సంగతి నాన్నకు చెప్పగలిగి ఉంటే ఎంత సంబరపడేవాడో.

నేను కర్క్‌స్టాల్‌ని 2009 నుంచి ఏటా నవంబరు మొదటి శనివారం ఒకే బెంచీ దగ్గర నుంచి తీస్తున్నాను. అన్నీ వరసగా పెట్టి చూస్తే, ఒక సంవత్సరం గోడ మీద చిన్న మొక్క కనపడింది. మరుసటి ఏడు లేదు, అక్కడ కొత్త సున్నం గచ్చు మెరుస్తోంది. ఎవరో నిచ్చెన వేసుకుని ఎక్కి తీసేశారు. ఆలనాపాలనా అంటే నా లెక్కలో అది.

కాబట్టి మీకు రెండు విన్నపాలు. ఆ ఫొటో కింది మాటలను వచ్చే ఆదివారం సరిదిద్దండి. ఇక ముందు పాఠకుల ఫొటోలు వేసేటప్పుడు ఊరు, కట్టడం పేరు, తేదీ రాసి పంపమని అడగండి. రాకపోతే ఒక ఫోన్ చేసి కనుక్కోండి. విదేశాల ఫొటోలకే కాదు, ఎలగందుల, కొండవీడు, గండికోట, ఏ కోట ఫొటో అయినా సరే. మీ పత్రిక లైబ్రరీలలో దాచి ఉంచుతారు. ఇరవై ఏళ్ల తర్వాత ఏదైనా గోడ కూలితే, ఎప్పటిదాకా నిలబడిందో మీ పేజీ చెప్తుంది.

నా ఫొటో ఒకటి దీంతో పంపుతున్నాను. వేస్తే కింద ఇలా వేయండి:

రీవో మఠం, హెల్మ్‌స్లీ దగ్గర, యార్క్‌షైర్, ఇంగ్లండు. చర్చి లోపల ఉత్తరం వైపు నుంచి దక్షిణానికి. 2024 అక్టోబరు 27, ఆదివారం, ఉదయం 10.40. కిటికీల కింద నిలబడింది మా అమ్మాయి, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
లీడ్స్